కదిరప్ప గవాచి మీద సబ్సిడీ సోలార్

పట్టపగలు మీ ఇంట్లో చీకటి చూడాలని ఉందా? అయితే ఆలస్యం చేయకండి, సబ్సిడీ సోలార్ పెట్టించుకోండి! ఇంతకు మించిన పథకం ఇంకొకటి లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్తాను. అనుమానం ఉంటే ధర్మవరంలో పట్టుచీరలు నేసే కదిరప్ప ఇంటికి వెళ్లి చూడండి. టార్చిలైటు మాత్రం మరిచిపోకండి.

కదిరప్ప కోరిక చాలా చిన్నది. కరెంటు పోయినా తన మగ్గం ఆగకూడదు. పెనుకొండ నుంచి వచ్చిన సోలార్ ఏజెంటు జగదీష్ "సూర్యుడుండే వరకు నీకు దిగుల్లేదన్నా" అన్నాడు. సూర్యుడి సంగతి మనవాళ్లకు చెప్పాలా? మా జిల్లాలో ఆయన సెలవు పెట్టిన రోజులు తక్కువ. కదిరప్ప అప్పుడే తలూపేశాడు.

మిద్దె మీద బాగా ఎండ పడే చోటు వెతికితే సరిగ్గా గవాచి దగ్గరే దొరికింది. గవాచి అంటే మగ్గానికి వెలుతురు రావాలని కదిరప్ప తాత మిద్దెకు పెట్టించిన కన్నం. దాని మీదే సోలార్ పలకలు బిగించారు. లోపల చీకటైంది. అయితేనేం? ఎండను ఆపేసి, ఆ ఎండతోనే బల్బు వెలిగించుకోవడం కన్నా అభివృద్ధి ఏముంటుంది?

తరువాత ఫోటో ఘట్టం. పలకల పక్కన యజమాని నిలబడిన ఫోటో పంపితేనే సబ్సిడీ! పెళ్లి తరువాత కదిరప్ప ఫోటోకి నిలబడింది లేదు. ఎండకు కళ్లు మూసుకున్నాడని ఒకసారి, పలక అంచు కనపడలేదని ఒకసారి వెనక్కి వచ్చింది. చివరికి అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా ముస్తాబై నిలబడ్డాడు. రాజులకైనా ఇంత శ్రద్ధగా చిత్తరువులు గీశారా?

ఇక తనిఖీ ఆఫీసరు రావాలి. అంతవరకు పలకలు కొత్తవిగా ఉండాలని కదిరప్ప భార్య ఆదెమ్మ రోజూ పొద్దున్నే వాటి మీద పాత దుప్పటి కప్పేది. సోలార్ పని చేయడం లేదని కబురందుకున్న జగదీష్ వైర్లన్నీ ఊడదీసి చూసి, ఆఖరికి మిద్దెక్కి దుప్పటి చూసి కూలబడ్డాడు.

"ఎండలో ఏసిన పట్టు ఎలిసిపోదా?" అంది ఆదెమ్మ. "ఇంత నిగనిగలాడేటివి ఆపీసరు వచ్చేలోగా తెల్లబడితే ఎవురిది పూచీ?"

పట్టును నీడన ఆరబెట్టే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలైన మనిషికి ఏమని చెప్తాడు? బతిమాలి దుప్పటి తీయించాడు. మగ్గం మీద బల్బు ధగధగా వెలిగింది. కదిరప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే వీధిలో కరెంటు పోయింది. దాంతోపాటు సోలారూ పోయింది!

"ఎండ ఉండాది గదప్పా" అన్నాడు కదిరప్ప చీకట్లోంచి.

"లైను మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇదీ ఆగిపోతాదన్నా. కరెంటు లేనప్పుడు కావాలంటే బ్యాటరీ పెట్టించుకోవల్ల."

"దానికి సబ్సిడీ?"

"దానికి లేదన్నా."

చూశారా ఎంత ముందుచూపో! కరెంటు ఉన్నప్పుడు కరెంటు ఇచ్చే యంత్రానికి సాయం, లేనప్పుడు ఇచ్చేదానికి నమస్కారం.

ఇంతలో హిందూపురం నుంచి హేమలత ఫోను. ఆదివారం ఆమె పెళ్లి. పీటల మీద కట్టుకోవాల్సిన చీర కదిరప్ప మగ్గం మీద కొంగు దగ్గర ఆగి ఉంది. ఆలస్యమెందుకో అడిగి, ఫోటో గొడవంతా వింది. "కదిరప్పన్నా, నేను చీర కట్టుకోవల్లనా, మీ సోలార్ ఫోటో చుట్టుకోవల్లనా?" అంది.

మగ్గానికి పెట్టిన మోటారు ఆగితే కాలితో తొక్కుకుంటాడు, అది పెద్ద పని కాదు. చీకట్లో జరీ పోగు ఎలా చూస్తాడు? గవాచి మీది పలక తీద్దామంటే జగదీష్ అడ్డం పడ్డాడు. ఫోటోలో ఉన్నట్టు లేకపోతే సబ్సిడీ రాదట. ఆదెమ్మ స్పానర్ తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"పెండ్లికూతురికి చీర అందీలేదంటే రేపు మన గడప ఎవురు తొక్కుతారు? తియ్యి."

పలక పక్కకు జరిగింది. చాలా రోజుల తరువాత ఎండ తిన్నగా మగ్గం మీదికి దిగింది. కదిరప్ప కొంగు నేస్తూ ఉండగా ఇన్నాళ్లూ రాని ఆఫీసరు ఆ రోజే వచ్చి మిద్దెక్కాడు. గవాచిలోంచి కిందికి తొంగి చూసి, "ఇక్కడ ఉండాల్సిన పలక ఏది?" అని గద్దించాడు.

"ఆడుండేది గూడా సోలారే సార్," అన్నాడు కదిరప్ప తల ఎత్తకుండా. "కరెంటు పోయినా పనిచేస్తాది, బ్యాటరీ అడగదు. మా తాత పెట్టించినాడు. దీనికేమన్నా సబ్సిడీ ఉండాదా?"

"అలాంటిది పథకంలో లేదు."

"అయితే కొంచెం పక్కకు జరగండి సార్. వెలుతురుకు అడ్డమొస్తాండారు."