నేల అరగని నాట్యం

"ఇక మీదట ఈ నగరంలో చోటు లేక ఏ నాట్యమూ ఆగిపోదు!" అని కళాపోషక మండలి అధ్యక్షులవారు మైకు పగిలేలా ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నావి కాస్త గట్టిగానే మోగాయి. ఎందుకంటే ఆ చోటు దక్కింది నాకే!

దాని పూర్తి పేరు 'మధ్యస్థ వృత్తిజీవన నృత్యదర్శక నివాస సహాయ పథకం'. ఊపిరి సరిపోనివాళ్లు రెసిడెన్సీ అంటారు. మధ్యస్థం అంటే ఎవరని కార్యదర్శిగారిని అడిగాను.

"పైకొస్తారని ఆశపడే వయసు దాటిపోయి, పోయాక చేసే సన్మానానికి ఇంకా టైమున్నవాళ్లు మేడమ్!"

అచ్చంగా నేనే.

నెల రోజులు ఉచితంగా గది, భోజనం, చెక్క నేల పరిచిన పెద్ద హాలు. నా ఆశంతా ఆ నేల మీదే. చిన్నప్పటి నుంచి నేనూ మా చెల్లెలూ కలిసే ఆడుతున్నాం. నెల తిరిగేసరికి దాని మోకాలికి ఆపరేషన్. తర్వాత ఆడగలదా అంటే డాక్టరు పెదవి విరిచాడు. ఈలోగా మా ఇద్దరి కోసం ఒక్క నాట్యం కట్టుకోవాలి. మా ఇంట్లో చెయ్యి చాపితే బీరువా, కాలు చాపితే మంచం. అందుకే రెసిడెన్సీ వచ్చిందని తెలిసిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. అక్కడికెళ్లాక వాళ్లూ నిలవనివ్వలేదు.

హాలు తళతళా మెరిసిపోతోంది. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టబోయాను.

"ఆగండాగండి!" కార్యదర్శిగారు పరుగెత్తుకొచ్చారు. "ఏంటి మేడమ్, నేల మీదకెళ్లిపోతున్నారు?"

"ఆడుకోవడానికండీ."

"అయ్యో, కొత్త పాలిష్! అధ్యక్షులవారు ముచ్చటపడి వేయించారు. చెమట పడితే మచ్చలొస్తాయి."

"మరి నాట్యం?"

"గుమ్మం పక్కన కుర్చీ వేయించాను కదా! కూర్చుని ఆలోచించండి. నాట్యానికి ఆలోచనే ప్రాణం. కాళ్లదేముంది, చివర్లో కలుపుకోవచ్చు!"

కూర్చున్నాను. పెద్దమనుషులు వచ్చి నన్ను చూసిపోయేవారు. "ఈవిడే మా రెసిడెన్సీ. ఇప్పుడు ఆలోచిస్తున్నారు," అని కార్యదర్శిగారు గుసగుసగా పరిచయం చేసేవారు. ఫొటో తీసేవాడు మాత్రం మొహమాటపడలేదు. "ఆలోచన సరిగ్గా పడట్లేదు మేడమ్, గడ్డం కింద చెయ్యి పెట్టండి!"

చెల్లెలు రోజూ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడేది. "నేల అరిగిపోతుందని వాళ్ల బెంగ. మోకాలు అరిగిపోతోందని నా బెంగ. ఏం చేద్దామక్కా?" అంది ఒకరోజు. నవ్వబోతే ఏడుపొచ్చింది.

మూడు వారాలు గడిచాక కార్యదర్శిగారు మొహం చాటంత చేసుకుని వచ్చారు. "శుభవార్త! హాలు తెరుస్తున్నాం. అధ్యక్షులవారి పెళ్లిరోజు. వాళ్ల బంధువులకి నాలుగు స్టెప్పులు నేర్పాలి. మీరెలాగూ ఖాళీయే కదా!"

"నేర్పితే ఆ తర్వాత మేం ఆడుకోవచ్చా?"

"అదెంత భాగ్యం!"

వరండాలో నిలబెట్టి నేర్పాను. పెళ్లిరోజున అందరూ బూట్లతో, మేకుల్లాంటి మడమల చెప్పులతో హాలు మీద పడ్డారు. అధ్యక్షులవారి బావమరిది భోజనాల బల్లని ఈ కొస నుంచి ఆ కొసకి ఈడ్చుకెళ్లాడు. అధ్యక్షులవారైతే నేను నేర్పని స్టెప్పులన్నీ వేశారు. "చూశారా! చోటిస్తే నాట్యం దానంతటదే పుడుతుంది!" అని ఆయాసపడుతూ ఉపన్యసించారు కూడా.

మర్నాడు పొద్దున్నే చెల్లెల్ని వెంటపెట్టుకుని వెళ్లాను. హాలుకి తాళం!

"ఎంత పని చేశారు మేడమ్! నేలంతా గీతలే," అన్నారు కార్యదర్శిగారు.

"అవి నిన్నటి బూట్లవండీ."

"వాళ్లు అతిథులు. ఇక్కడ నర్తకి అన్నవాళ్లు మీరొక్కరే కదా!"

నాకు ఒళ్లు మండింది. కాలెత్తి చూపించాను. "మేం వట్టికాళ్లతో ఆడేవాళ్లం. ఈ పాదంతో గీత పడుతుందా?"

ఆయన వంగి, నా పాదాన్ని పరీక్షగా చూసి, నిట్టూర్చారు. "అసలు ప్రమాదం అక్కడే మేడమ్. బూటుకైతే ఆనవాలుంటుంది. వట్టి కాలు దొరకదు!"

ఆడలేక మద్దెల ఓడనేవాళ్ల గురించి విన్నాను. ఆడనివ్వక నర్తకిదే తప్పనేవాళ్లని అక్కడే చూశాను.

అయినా చివరి రోజున ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫ్రేము కట్టించి మరీ! ఇంటికొచ్చి దాన్ని గోడకి తగిలించాను. మంచం నిలబెట్టేశాం, బీరువా వంటింట్లోకి తోసేశాం. మర్నాడే ఆపరేషన్. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని మొదటి అడుగు వేసింది. మోకాలు పట్టేసినప్పుడల్లా నా మీద వాలింది. ఆ వాలడమే మా నాట్యమైంది. ఇన్నేళ్లలో అంత బాగా మేమెప్పుడూ ఆడలేదు.

తలుపు దబదబా మోగింది. కింది అంతస్తు బాబాయిగారు. "గెంతడానికి మీకింకెక్కడా చోటే దొరకలేదా అమ్మా?"

"దొరికింది బాబాయిగారూ," అని గోడ మీది పత్రం చూపించాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. "అంత పెద్ద హాలిస్తే, మా నెత్తి మీద ఎందుకమ్మా?"

"నేల పాడైపోతుందని ఆడనివ్వలేదండీ."

ఆయన వంగి మా గది నేలని తట్టి చూశారు. "అయితే మా పైకప్పుకీ పాలిష్ కొట్టిస్తే మానేస్తారా?"

అలుపు తీర్చుకోడానికి చతికిలబడ్డ చెల్లెలు గోడ పట్టుకుని లేచింది. "కొట్టించండి బాబాయిగారూ. కాకపోతే రేపు కొట్టించండి," అని నా వైపు చెయ్యి చాచింది.