ఆదివారం అడగకూడదు

ఓపెన్ మ్యారేజీ వల్ల సంసారాలు మంటగలిసిపోతాయని గుండెలు బాదుకుంటున్న పెద్దలారా! ఆ బాదుడు కాసేపు ఆపి నా మాట వినండి. ఓపెన్ మ్యారేజీ అంతటి మంచి పథకం ఈ మధ్య కాలంలో ఇంకొకటి రాలేదు. అది కాపురాలను నిలబెడుతుంది. ఆడవాళ్ళ ముఖానికి కళ తెస్తుంది. మగవాళ్ళకు జడ వేయడం నేర్పిస్తుంది!

ఊరికే చెప్పడం లేదు. మదనపల్లెలో బస్సెక్కి, కుప్పంలో విచారించి, పుంగనూరులో కళ్ళారా చూసి మరీ చెబుతున్నాను.

మా అన్న కొడుకు నరేష్ కుప్పంలో కాపురం ఉంటాడు. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. రోజూ తెల్లవారుజామున రైలెక్కి పోయి, పొద్దుగూకాక తిరిగొస్తాడు. భార్య వీణ కుప్పంలోనే ప్రైవేటు స్కూల్లో టీచరు. నాలుగేళ్ళ కూతురు రూప. పెళ్ళై ఆరేళ్ళు. ఎవరి జోలికీ పోని కుటుంబం.

అలాంటి నరేష్‌కు ఆఫీసులో ఒక వర్క్‌షాపు పెట్టారు. విషయం: జెలసీని జయించడం. భార్యాభర్తలు ఒకరికొకరు సొంత ఆస్తి కాదనీ, అసూయ అంటే లోపలి భయమేననీ అక్కడెవరో చెప్పారు. రెండు టీలు, నాలుగు బిస్కెట్ల మధ్య మావాడికి జ్ఞానోదయమైపోయింది. అదే వర్క్‌షాపులో వర్షిత అనే సహోద్యోగి లేచి, ప్రేమకు కంచెలు ఉండకూడదని చక్కగా మాట్లాడింది. జ్ఞానోదయంలో ఆ అమ్మాయి వాటా ఎంతో నేను చెప్పలేను. వాడు కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి ఎనిమిది షరతులతో ఒప్పందం రాశాడు. ఇంగ్లీషులో, రెండు కాపీలు! మూడో షరతు: ఎక్కడికి వెళ్ళావని ఒకరినొకరు అడగకూడదు. నాలుగో షరతు: వారానికి ఒక రోజు ఒక్కొక్కరికి పూర్తి స్వేచ్ఛ. శనివారం భర్తకు, ఆదివారం భార్యకు. ఇంట్లో ఉన్నవాళ్ళు వంట చేసి పిల్లను చూసుకోవాలి.

వీణ అప్పుడు బీన్సు తరుగుతోంది. చేతులు కొంగుకు తుడుచుకుని ఎనిమిదీ చదివింది. నాలుగోది రెండుసార్లు చదివింది.

"ఈ నాలుగోది ఖాయమేనా? మళ్ళ మాట మార్చవు గదా?"

"మార్చను."

"ఆదివారమంటే పొద్దన్నుంచి మాపటి దాకానా?"

"అవును."

"పెన్ను ఇయ్యి."

పాపం నరేష్, ఆమె ఏడుస్తుందని టిష్యూ పేపర్ల డబ్బా సిద్ధంగా పెట్టుకున్నాడు. పెన్ను మాత్రం వెతుక్కోవలసి వచ్చింది.

వెంటనే నాకు ఫోను చేశాడు. మా వంశంలో ఆధునికుడిగా పేరున్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి! పత్రికలకు రాస్తాను గదా. అంతకు నెల ముందే, అసూయ అనేది వైద్యం చేయించుకోవలసిన జబ్బని పెద్ద వ్యాసం రాశాను. వాణ్ణి మనస్ఫూర్తిగా అభినందించాను.

"ఏమంట?" అని వంటింట్లోంచి నా భార్య మునిలక్ష్మి అడిగింది.

"ఈ కాలపు దాంపత్యంలే. నీకు అర్థం కాదు."

"అట్లనా," అని పొయ్యి దగ్గరికి పోయింది.

మొదటి శనివారానికి ముందే నరేష్ ధైర్యం చేసి వర్షితకు తన స్వేచ్ఛ సంగతి చెప్పాడట. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "ఆలోచన చాలా బాగుంది నరేష్ గారూ. నాకు ఆలోచన నచ్చింది. మీరే నచ్చలేదు," అంది. ఎంత స్పష్టత! ఇలాంటి నిజాయితీ పాతకాలపు వ్యవహారాల్లో దొరుకుతుందా?

కానీ శనివారం ఇంట్లో కూర్చుంటే పరువు పోతుంది గదా! అందుకని ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని బయలుదేరాడు. కుప్పం రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ సాయంత్రం దాకా గడిపాడు. వరసగా మూడు శనివారాలు! స్టేషన్లో పోర్టర్లు వాణ్ణి పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టారు.

వీణ అలా కాదు. ఆదివారం ఏడింటికి చిన్న సంచీ భుజాన వేసుకుని వెళ్ళింది. సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చింది. ముఖం తామరపువ్వులా ఉంది!

మూడో ఆదివారం రాగానే నరేష్ నాకు మళ్ళీ ఫోను చేశాడు.

"చిన్నాయనా, ఎవురో ఉండాడు."

"ఆధారాలేమిటి?" అన్నాను, జడ్జి లెవెల్లో.

"ఒకటి, మొకం ఎలిగిపోతాండాది. రెండు, పాటలు పాడుకుంటాండాది. మూడు..." ఇక్కడ గొంతు తగ్గించాడు. "మూడు, తడి టవలు మంచం మీద పడేసినా ఏమీ అనలేదు చిన్నాయనా!"

నాక్కూడా వెన్ను జలదరించింది. తడి టవలును క్షమించిన ఆడదాన్ని నేనింతవరకు చూడలేదు. వాడు పెద్దపంజాణిలో ఉన్న తన అత్తగారికి ఫోను చేస్తే, కూతురు అక్కడికి రాలేదందట.

"నువ్వే అడగరాదూ?"

"మూడో షరతు ఉండాది గదా. నేను అడక్కూడదు. నువ్వు సంతకం పెట్టలేదు. నువ్వు అడుగు."

న్యాయమైన మాటే! శనివారం మధ్యాహ్నానికి కుప్పం చేరాను. మావాడు స్టేషన్ డ్యూటీలో ఉన్నాడు. వీణ కాఫీ ఇచ్చింది. గొంతు సవరించుకుని, స్వేచ్ఛ గొప్పదనం గురించి పది నిమిషాలు ఉపన్యసించి, చివర్లో మెల్లగా అడిగాను.

"అమ్మా, ఆదివారాలు యాడికి పోతాండావు?"

వీణ నవ్వింది. "నువ్వు సంతకం పెట్టలేదు కాబట్టి నీకు సూపిస్తా మామా. రేపు నాతో రా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పలమనేరు బస్సెక్కాం. వీణ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టిక్కెట్టు తీసుకుంది. శాంతిపురం దాటాక వెనక్కి తిరిగి చూద్దును గదా, చివరి సీట్లో ముఖానికి కర్చీఫు కట్టుకుని ఒక మనిషి! ఒళ్ళో పిల్ల. ఆ పిల్ల "చిన్నతాతా!" అని నాకు చెయ్యి ఊపుతోంది. నరేషే! అడగకూడదని షరతు ఉంది గానీ, అదే బస్సులో ప్రయాణించకూడదని లేదట.

వీణ చూసింది. చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

పలమనేరులో బస్సు మారి పుంగనూరులో దిగాం. వీణ రెండు వీధులు దాటి ఒక పెంకుటింట్లోకి వెళ్ళింది. వాళ్ళ అమ్మను కన్న అవ్వ చిన్నక్క ఇల్లది. బయట తిన్నె పక్కన నులకమంచం మీద అవ్వ మొగుడు బైరప్ప కూర్చుని ఉన్నాడు. అవ్వ నాకు మజ్జిగ ఇచ్చి బైటే కూర్చోబెట్టి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసింది.

కాసేపటికి నరేష్ సందు చివర్నుంచి ఊడిపడ్డాడు. పిల్లను నా ఒళ్ళో వేసి, "యాడుండాడు వాడు?" అంటూ తలుపు తోశాడు. వెనకే నేనూ దూరాను.

నేల మీద చాప. చాప మీద వీణ. ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కన అవ్వ తప్ప ఇంకెవరూ లేరు.

చిన్నక్క అవ్వ విసురుగా లేచి వచ్చింది. "అరిస్తే ఊరుకోనప్పా! బిడ్డ ఇప్పుడే కన్ను మూసింది. బయటికి నడు!"

తిన్నె మీదికి తరిమాక సంగతి చెప్పింది. వచ్చిన ప్రతి ఆదివారమూ ఇంతేనట. పదిన్నరకు పడుకుంటుంది. మూడింటికి లేచి, పెట్టింది తిని, బస్సెక్కుతుంది. "తినమంటే గూడా లేయదు. కోడిని కోసినా లేయదు. ఆరేండ్ల నిద్ర బాకీ పడినట్ల పండుకుంటాది."

నరేష్ ముఖానికి కట్టుకున్న కర్చీఫు విప్పాడు. "మరి ఓపెన్ రిలేషన్‌షిప్పు..."

"అంటే ఏందప్పా?"

ఆ ఒప్పందాన్ని అవ్వకు తెలుగులో వివరించే బాధ్యత నా మీద పడింది. యథాశక్తి వివరించాను. అవ్వ ఆసాంతం విని, మంచం వైపు చెయ్యి చూపించింది.

"ఇదేం కొత్త? మా ఇంటాయన ముప్పై ఏండ్లు ఓపెనే. కుప్పంలో రాళ్ళ పని అని పోయేవాడు. ఆడొక ఇల్లు, ఈడొక ఇల్లు. నాకెవురూ కాయితం ఇయ్యలేదు. ఒక వారం నీదన్న్యారా, ఒక దినం నీదన్న్యారా? నేనొకసారి యాడికి పోయినావని అడిగితే, ఆడదానికి అంత కుళ్ళు పనికిరాదని పంచాయితీలో నాకే బుద్ధి సెప్పినారు."

బైరప్ప తాతకు కుప్పం పేరెత్తగానే చెవుడు వచ్చింది. ఆకాశం వైపు చూస్తూ, వాన పడేటట్టుందన్నాడు. ఒక్క మబ్బు లేదు.

నరేష్ తిన్నె మీద కూలబడ్డాడు. మగవాడెవడూ లేడని సంతోషించాలి గదా? కానీ ముఖం ఇంకా వాడిపోయింది. "నా పక్కన అంత నిమ్మళంగా ఎప్పుడూ పండుకోలేదు చిన్నాయనా," అన్నాడు.

మూడింటికి వీణ లేచి బయటికొచ్చింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. ముఖం కడుక్కుని మొగుడి పక్కన కూర్చుంది.

"నువ్వు రైలుకు పోవాలని నేను నాలుక్కు లేస్తా. టిఫిను, క్యారియరు, పాప, స్కూలు, మళ్ళ మాపటికి వంట. పండుకునేది పదకొండు. ఆరేండ్లుగా ఇంతే. నాకు కుళ్ళు లేదనుకుంటివా? వర్షితని జూసి గాదు. పోయినేడు నీతో బెంగళూరికి వచ్చినాను సూడు, ఆ దినం. కూర్చున్న రెండు నిమిషాలకే నిద్రబోయినావు. పోయేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు రెండు గంటలు. దినామూ ఇట్లే నిద్రబోతావని ఆ పొద్దే తెలిసె. ఎంత కుళ్ళుకున్న్యానో నీకు తెల్దు."

"వర్షిత సంగతి నీకెట్ల తెలుసు?"

"ఆ వర్క్‌షాపు అయినప్పట్నుంచి నీ నోట్లో ఆ పేరే గదా. స్టేషన్లో నాలుగు వారాలుగా శనక్కాయలు తింటాండావని గూడా తెలుసు. కుప్పం ఏమన్నా బెంగళూరా?"

నరేష్ జేబులోంచి ఒప్పందం తీసి చింపబోయాడు. వీణ చెయ్యి పట్టుకుంది.

"అన్నీ కొట్టెయ్యి. నాలుగోది ఉండనీ."

"శనివారం నాకొద్దులే," అన్నాడు వాడు. "రేపట్నుంచి నాలుక్కు నేను లేస్తా."

తిరుగు ప్రయాణంలో రూప తల్లి ఒళ్ళో కూర్చుంది. నరేష్ దారంతా మేలుకునే ఉన్నాడు. మాటిచ్చినట్టు రోజూ లేవడం లేదు గానీ, వారానికి మూడు రోజులు లేస్తున్నాడట. రూపకు జడ వేయడం నేర్చుకున్నాడట. ఇడ్లీలు రాళ్ళలా ఉన్నాయట. అయినా ఆమె తింటోందట.

చూశారా? ఇంత మేలు సంప్రదాయ దాంపత్యం చేయగలదా? పుంగనూరు సంగతంతా మదనపల్లె చేరగానే మునిలక్ష్మికి నవ్వుతూ చెప్పాను. శనక్కాయల దగ్గర ఆమె నవ్వుతుందని ఆగాను. నవ్వలేదు.

"ఆ అవ్వ ఇల్లు బస్టాండుకు దగ్గరేనా?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాతి ఆదివారం నేను లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ఫ్రిజ్ మీద చీటీ: "సాయంత్రం వస్తా. అడగొద్దు." ఆధార్ కార్డు కూడా లేదు. ఆ వారం దిగమింగాను. ఆధునికుణ్ణి గదా! రెండో ఆదివారం పది గంటలకల్లా నాకు ఒళ్ళు మండింది. నా భార్య నన్ను వదిలి వెళ్ళి నిద్రపోవడమా? పుంగనూరు బస్సెక్కాను.

చిన్నక్క అవ్వ ఇంటి ముందు ఎనిమిది జతల చెప్పులున్నాయి. అన్నీ ఆడవాళ్ళవే. అవ్వ గడపలో అడ్డంగా కూర్చుని ఉంది.

"లేపనప్పా. లేసేదాకా ఆడ కూర్చో."

తిన్నె మీద కూర్చున్నాను. బైరప్ప తాత మంచం మీద నుంచి నా వైపు వంగి, గుట్టుగా చెప్పాడు.

"నీ పెండ్లాం గురక పెడతాదప్పా. పోయిన వారం గూడా అంతే. బాగా పెడతాది."

మాకు పెళ్ళై ముప్పై ఒక్క ఏళ్ళు. మునిలక్ష్మి గురక పెడుతుందని నాకు తెలియదు! తెలిసేదెలా? ఆమె పడుకునేసరికి నాకు నిద్ర పట్టి ఉంటుంది. నేను లేచేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. ఆమె నిద్రపోతుండగా చూసిన గుర్తు నాకు ఒక్కటీ లేదు. ఆ సంగతి ఒక పరాయి మగవాడు, అదీ బైరప్ప, నాకు చెబుతాడా? రెండు వారాలుగా వింటున్నాడా?

పాఠకులారా, అసూయ జబ్బని రాసిన చేత్తోనే రాస్తున్నాను. నా కడుపు భగ్గున మండింది.

"నువ్వు కొంచెం జరుగు తాతా," అని ఆయన మంచాన్ని అవతలికి తోసి, తలుపు పక్కన చతికిలబడి చెవి పెట్టాను. నిజమే. బాగానే పెడుతోంది.