నాలుగో ట్రాకులో కుమారి

కుమారి గొంతును తొక్కేసింది జీవన్ కుమార్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ముప్పయ్యేళ్ల కిందట బాపట్లలో ‘ఎదురీత’ అనే రాక్ బ్యాండు మూడు క్యాసెట్లు చేసింది. మూడూ జీవన్ కుమారే మిక్స్ చేశాడు. మూడింటిలోనూ తనతో కలిసి పాడిన కుమారి గొంతు తగ్గించి, తన గొంతే పైకి తెచ్చుకున్నాడు. డ్రమ్స్ వాయించిన అంద్రెయ ఆనాటి నుంచి అతనితో మాట్లాడలేదు. భార్య కుమారి పోయిన రోజున జీవన్ శవపెట్టె మోయడానికి వస్తే భుజం పట్టనివ్వలేదు.

ఆ ఉదయం అంద్రెయ వేసుకున్న పథకం చిన్నది. కుమారి పాత చీరల కింద దొరికిన, ఒక్కో గొంతూ వాయిద్యమూ విడివిడి ట్రాకుల్లో ఉన్న మాస్టర్ టేపుతో రేపల్లె నుంచి తెనాలి వెళ్లాలి. స్టూడియో నడిపే నిఖిల్ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఆమె గొంతు పైకి తేవాలి. ఇంట్లో ఫోటోలున్నాయి. గొంతు ఈ టేపులో తప్ప ఎక్కడా లేదు.

"జీవన్ చెవిన మాత్రం పడకూడదబ్బాయ్" అని ముందే ఫోన్లో చెప్పాడు.

అంటే జీవన్‌కు ముందుగా చెప్పకుండా చేసే సన్మానమనుకున్నాడు నిఖిల్. జీవన్ భార్య బ్లెస్సీకి చెప్పాడు. ఆమె చర్చి సంఘమంతటికీ చెప్పింది.

అంద్రెయ మెట్లెక్కేసరికి స్టూడియో గుమ్మానికి బంతిపూలు కట్టి ఉన్నాయి. లోపల చర్చి క్వయర్ వాళ్లు కుర్చీల్లో సర్దుకుంటున్నారు. బ్యాండులో గిటారు వాయించిన బుడే సాహెబ్ శాలువా మడత విప్పుతున్నాడు. మధ్యలో జీవన్ కుమార్, మెడలో దండతో.

"ఇన్నాళ్లకు మనసు కరిగిందా బావా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"నాకేం కరగలా. ఈ సంతేంటి?"

"మీరే కదండీ, ఆయనకి తెలీకూడదన్నారు" అని నిఖిల్ గొణిగాడు.

వెనక్కి తిరగబోయిన అంద్రెయ ఆగాడు. ఇంతమంది సాక్షులు మళ్లీ దొరకరు.

"మిగతా ట్రాకులన్నీ మూసెయ్. నాలుగో దాంట్లో ఉన్న ఆవిడ గొంతొక్కటే పెట్టు. ఆ పెద్ద స్పీకర్లలో."

జీవన్ ముఖం పాలిపోయింది. "ఆ ట్రాకు వద్దు బావా. నీ కాళ్లు పట్టుకుంటా."

"చూశారా, దొంగకి వణుకు ముందే పుట్టింది. పెట్టవయ్యా."

ఆ రోజుల్లో వాళ్ల స్టూడియో ఒక ధాన్యం గోదాము. ప్రతిధ్వని కోసం గిటారు స్పీకర్‌ను బావిలోకి వంచి పెట్టేవారు. డ్రమ్స్ మోత పడకుండా కుమారిని బస్తాల గోడకు అవతల నిలబెట్టేవారు. హెడ్‌ఫోన్లు మూడే ఉండేవి. మిగతా ముగ్గురూ వాటిలో ఒకరి మాట ఒకరు వినేవారు; తనకు అక్కర్లేదన్నాడు అంద్రెయ.

కుమారి గొంతు గదంతా పరుచుకుంది. ఒక చరణం పాడింది. అంద్రెయ కళ్లు మూసుకున్నాడు. పాడటం ఆగింది. గొంతు ఆగలేదు.

"బుడే అన్నయ్యా, ఈయన డ్రమ్స్‌తో మళ్లీ పరిగెడుతున్నారు. మీరూ పరిగెత్తండి. ఇదిగో, ఇప్పుడు నీరసపడ్డారు, ఆగండి. ఒకటీ, రెండూ... అయ్యో, పుల్ల జారిపోయింది. గిటారు పెంచండి, గిటారు పెంచండి."

క్వయర్‌లో ఎవరో దగ్గారు. ఆ పాట ఉన్నట్టుండి వేగం అందుకునే చోటే జనం ఈలలు వేసేవారు. ఇన్నేళ్లూ అంద్రెయ ఛాతీ విరుచుకున్నది ఆ చోటు చూసుకునే.

స్పీకర్లలో కుమారి ఊపిరి తీసుకుంది. "జీవన్ అన్నయ్యా, నా గొంతు ఏ క్యాసెట్లోనూ వినపడకుండా తగ్గించెయ్. ఇది వింటే ఆయన మళ్లీ పుల్ల ముట్టుకోరు. నా మీద ఒట్టు, చెప్పొద్దు."

జీవన్ నేల చూపులు చూస్తున్నాడు. బుడే సాహెబ్ శాలువా ఎవరికి కప్పాలో తోచక తన భుజానే వేసుకున్నాడు.

"అంకుల్, మాటలు కత్తిరించి పాటొక్కటే ఉంచమంటారా?" అని నిఖిల్ మెల్లగా అడిగాడు.



"ఒక్క ముక్క తీశావంటే ఊరుకోను" అన్నాడు అంద్రెయ. "డ్రమ్స్ తగ్గించు."

రేపల్లె బస్సు దాకా జీవన్ వెంట నడిచాడు. "బావా, ఆ రోజు అసలేం జరిగిందంటే..."

"నేను బతికుండగా ఆ సంగతి ఎత్తకు" అని అంద్రెయ బస్సెక్కాడు.

తను కూడా మళ్లీ ఎత్తలేదు. రోజూ అతని కిటికీలోంచి ఒక ఆడగొంతు ఒకటీ రెండూ లెక్కపెడుతూ వినిపిస్తుంది. వెనక ఆ డ్రమ్స్ ఎవరివని అడిగితే మాత్రం, ఎవరో తనకు తెలియదంటాడు.