తుమ్మితే కూలే ఇల్లు

కంచరపాలెంలో నీలకంఠాన్ని అందరూ ‘స్కీముల నీలకంఠం’ అనేవారు. పోర్టు స్టోర్స్‌లో గుమస్తా ఉద్యోగం సాయంత్రం ఐదింటితో సరి. స్కీములకు మాత్రం ఓవర్‌టైమ్ కూడా ఉండేది. వాటిలో ఒక్కటీ గట్టెక్కిన దాఖలా లేదు. అయినా మనిషి నిరుత్సాహపడేరకం కాదు.

ఎనభై రెండులో, వానలు వెనకబట్టిన రోజుల్లో, ఆయన ఇంటికో నోటీసు వచ్చింది. రెండు గదులూ, ఓ వసారా ఉన్న ఆ పెంకుటింటికి ఏడాదికి అరవై రూపాయలుండే పన్ను ఒక్కసారిగా నూట ఎనభై అయిందట. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చట.

“నూట ఎనబయ్యా! ఓర్నాయనో! ఇల్లు మనదా, కలెక్టరు బంగళానా?” అన్నాడు నీలకంఠం.

భార్య మంగాయమ్మ నోటీసు తీసుకుని రెండుసార్లు చదివింది. ముందు గదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే క్లాసు పెట్టాలని నాలుగేళ్లుగా ఆమె కోరిక. రెండు మిషన్ల కోసం బ్యాంకులో అప్పుకు దరఖాస్తు కూడా పెట్టింది. ఈ పన్ను మీద పడితే మిషన్ల వాయిదా ఎలా కడతానన్నదే ఆమె బెంగ.

“టేపట్టుకుని ఇల్లు కొలిసి, ఆఫీసుకెల్లి అడగండి. ఎక్కడో తప్పు పడుంటాది,” అంది.

“కొలతలట్టుకుని ఎల్తే పన్ను తగ్గుద్దేటే? అప్పీలంటే తెలివుండాలి మంగా.”

“అయితే నన్నెల్లమంటారా?”

నీలకంఠం ఆ మాట విననట్టు కలం తీశాడు. ‘ఇల్లు మిక్కిలి శిథిలావస్థలో ఉన్నది. ఎప్పుడెవరి నెత్తిన పడునో దేవునికే ఎరుక’ అని అప్పీలు రాసి, కింద రెండు గీతలు గీసి పంపించాడు. గురువారం ఉదయం ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చూస్తాడని వారానికే జవాబు వచ్చింది.

బుధవారం సాయంత్రం పరుపుల కొట్టు నిసార్‌ని పిలిపించాడు.

“బావా, తెల్లారేసరికి ఈ ఇల్లు ముసిల్దయిపోవాలి.”

“ఇల్లైనా మడిసైనా దానంతటదే ముసిల్దవుద్ది గదా బావా. తొందరేటి?” అన్నాడు నిసార్. అన్నాడే గానీ, స్నేహం కొద్దీ ఫ్యానూ ఇనపమంచమూ అద్దాల బీరువానూ రిక్షాలో వేయించి తన కొట్టుకు తీసుకుపోయాడు.

ఇక నీలకంఠం విజృంభించాడు. వసారా పైనుంచి ఎనిమిది పెంకులు ఊడదీశాడు. గోడలకు మసి పట్టించాడు. ఏ అవసరమూ లేని చోట ఓ వెదురుబొంగు తెచ్చి కప్పుకు ఊతంగా నిలబెట్టాడు. అంతటితో ఆగినా బాగుండేది. పాడుబడ్డ ఇంటికి వాసన కూడా ఉండాలని తోచి, చేపలమ్మే గంగాలమ్మ దగ్గర ఎండు చేపల గంప ఒక పూటకు అద్దెకు తీసుకున్నాడు.

“సేపలు కొన్నోల్లని సూసినాను, బేరమాడి పారిపోయినోల్లని సూసినాను,” అంది గంగాలమ్మ గంప దించుతూ. “అద్దెకట్టుకెల్లే బాబుని ఇదే సూడ్డం.”

మంగాయమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ గోడల్లో ఒక్కో ఇటుకా ఆమె కళ్లెదుట లేచిందే. గురువారం తెల్లవారగానే నిసార్ కూతురు హమీదాని పిలిచి, టేపు ఒక కొస ఆ పిల్లకిచ్చి, ఇంటి చుట్టూ తిరిగి ఏదో కాగితం మీద రాసుకుంది. తరవాత చీర మార్చుకుని సంచీ పట్టుకుంది.

“ఎక్కడికే? ఇన్‌స్పెక్టరొస్తాడు. ముసుగేసుకుని మూలుగుతూ పడుకోడానికి మడిసి కావాలి!”

“మీ నాటకంలో నాకేసం లేదు. మీరే మూలగండి,” అని వెళ్లిపోయింది.

పదిన్నరకు గొడుగు పట్టుకుని, తోలుసంచీ వేసుకుని ఒకాయన వచ్చాడు.

“నీలకంఠంగారి ఇల్లు ఇదేనండీ? ఆఫీసు నుంచి వచ్చాను. ఇల్లోసారి చూడాలి.”

“రండి సార్, రండి! మెల్లగా అడుగెయ్యండి. గట్టిగేత్తే నాను పూచీ పడను.”

ఆయన కంగారుగా మునివేళ్ల మీద లోపలికి వచ్చాడు. నీలకంఠం ఆ మూల తేలు, ఈ మూల పాము, నడిమధ్య చెదలు అంటూ చూపించాడు. వచ్చినాయన పుస్తకంలో రాసుకుంటున్నకొద్దీ నీలకంఠం గుండె ఉప్పొంగింది.

“ఈ కప్పు ఎన్నాళ్లుంటుందంటారు?”

“వానొచ్చేదాకా సార్. వాన దాకా ఎందుకు, మీరు తుమ్మితే సాలు!”

ఆ మసికీ ఆ ఎండు చేపల ఘాటుకీ ఆయన ముక్కు అప్పటికే ఎర్రబడింది. “హా... హా...” అన్నాడు. నీలకంఠం పరుగున వెళ్లి ఆయన ముక్కు పట్టుకునేలోగా, పెద్ద తుమ్ము తుమ్మేశాడు.

చేపల వాసనకు వచ్చి కప్పు మీద కాపలా కాస్తున్న పిల్లి ఒకటి ఆ తుమ్ముకు బెదిరి, పెంకులు లేని సందులోంచి ఆయన భుజం మీదకి దూకింది. ఆయన గొడుగు విసిరాడు. గొడుగు బొంగుకు తగిలింది. బొంగు పోయి గంప మీద పడింది. ఎండు చేపలు నలుదిక్కులా ఎగిరాయి. వాటి కోసం పేటలో పిల్లులన్నీ లోపలికి వచ్చాయి.

ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు.

తలలో చేప ఏరుకుంటూ ఆయన దీనంగా అడిగాడు. “అదంతా సరేనండీ. ఇందులో మిషన్లు ఎక్కడ పెడతారు?”

“మిషన్లేటి సార్?”

“కుట్టు మిషన్లు. నేను బ్యాంకు నుంచి వచ్చాను. మంగాయమ్మగారి అప్పు కోసం ఇల్లు చూసి రాయాలి. కూలిపోయే ఇల్లని రాసేశాను.”

నీలకంఠం కాళ్ల కింద భూమి కదిలింది. ఇన్‌స్పెక్టరు సంగతి మరిచిపోయాడు. భార్య ముఖం కళ్లముందు నిలిచింది.

“అయ్యయ్యో, కొట్టేయండి సార్! మా ఇల్లు ఉక్కు! అక్కడ స్టీల్ ప్లాంటు ఇంకా పునాదుల్లోనే ఉంది, మా ఇల్లెప్పుడో ఉక్కయిపోయింది! సూడండి,” అంటూ గోడను దబదబా బాదాడు. మసి రాలి ఇద్దరి ముఖాలూ నల్లబడ్డాయి. బ్యాంకాయన గొడుగు వెతుక్కోసాగాడు.

అప్పుడొచ్చింది మంగాయమ్మ. వెనకాల ఫైలు పట్టుకుని పన్నుల ఇన్‌స్పెక్టరు గురునాథరావు.

పిల్లుల్నీ చేపల్నీ దాటుకుని గురునాథరావు నీలకంఠం ముందు ఒక కాగితం పెట్టాడు. “ఆరు నెలల కిందట ఇంటి కొలతలు రాసిచ్చిన ఫారం ఇది. పొడవు నలభై అడుగులు, వెడల్పు ముప్పై. ఈ రాత మీదేనా?”

నీలకంఠానికి గుర్తొచ్చింది. ఆ రోజు ఫారాలు రాస్తుంటే, పక్కన మేడింటి నరసింహమూర్తి తన ఇంటికి ముప్పయ్యారు అడుగులని వేశాడు. వాడి కన్నా తక్కువ వెయ్యడానికి మనసొప్పక, వీధి కాలవ నుంచి పెరటి గోడ దాకా ఇల్లే అనుకుని నీలకంఠం నలభై వేశాడు.

“నాదే సార్,” అన్నాడు, తల వంచుకుని.

“మీ ఆవిడ కొలిచింది ఇరవై ఆరు, పద్దెనిమిది,” అంటూ గురునాథరావు తనూ టేపు వేసి చూశాడు. అంగుళం తేడా లేదు. గోడ మీద తట్టాడు. “గట్టి ఇటుక గోడ. శిథిలమన్న మాట చెల్లదు. ఆ పెంకులు చేత్తో ఊడదీసినవి. కొలతల తప్పు మాత్రం సరిచెయ్యమని రాస్తాను.”

గొడుగు దొరికిన బ్యాంకాయన గుమ్మంలో ఆగాడు. “అయితే ఈ ఇల్లు నిలబడుతుందంటారా?”

“మీరూ నేనూ పోయాక కూడా,” అన్నాడు గురునాథరావు.

“మరి ఈయనేమో...”

“అప్పు నాకండీ, ఆయనకి కాదు,” అంది మంగాయమ్మ నెమ్మదిగా. “మీరు సోమారం మల్లీ రండి. ఇల్లు ఇల్లులాగే ఉంటాది.”

ఆ మూడు రోజులూ నీలకంఠం కప్పు మీదా గోడల దగ్గరా గడిపాడు. పెంకులు సర్దాడు, మసి కడిగాడు, రెండు పూతలు సున్నం వేశాడు. శనివారం మధ్యాహ్నం మంగాయమ్మ నిచ్చెన దగ్గరికి టీ తెచ్చింది.

“నా మీద కోపం లేదేటే?” అన్నాడు.

“ఎందుకు లేదు? ఉంది. ఆ మూలింకో పూతెయ్యండి, సగం పోద్ది.”

నీలకంఠం మూడు పూతలు వేశాడు. సోమవారం బ్యాంకాయన వచ్చి, గుమ్మం బయటే ఒకసారి భయం భయంగా తుమ్మి చూసుకుని, లోపలికి అడుగుపెట్టాడు.

నెల రోజులకు, పన్ను ఏడాదికి డెబ్బై రెండు రూపాయలకు దిగిందని కాగితం వచ్చింది. ఆ తరవాత పదిరోజులకు మిషన్లు వచ్చాయి. మొదటి రోజు అయిదుగురు ఆడపిల్లలు చేరారు, హమీదాతో కలిపి. నెల తిరిగేసరికి పదకొండుగురయ్యారు. ముందు గదిలో చోటు లేక నీలకంఠం పేపరు చదువుకోవడం వసారాలోకి మార్చుకున్నాడు.

పిల్లలంతా కలిసి కుట్టిన మొట్టమొదటి చొక్కా ఆయనకే ఇచ్చారు. మర్నాడు అది తొడుక్కుని ఆఫీసుకు వెళ్లాడు. స్టోర్స్‌లో అందరూ చుట్టూ మూగారు.

“కొత్త సొక్కా! ఎవురు కుట్టినారు బావా?” అన్నాడు తోటి గుమస్తా అర్జునరావు.

“మా ఆవిడ క్లాసు పిల్లలు.”

“బాగుంది గానీ, ఎడంసెయ్యి పొడుగైపోయినట్టుందేటి?”

బొంబాయి ఫ్యాషనని చెబుతాడేమోనని అందరూ ఎదురుచూశారు. నీలకంఠం పొడుగు చెయ్యిని ఒక మడత మడిచి, దాని మీద ఆప్యాయంగా తట్టాడు.

“పొడుగే బావా,” అన్నాడు. “ఇప్పుడిప్పుడే నేర్సుకుంతన్నారు.”