బూట్లు తొడుక్కున్న ఆసుపత్రి

ప్రాణం మీదికొచ్చిన బాలింత గేటు దగ్గర కనిపించగానే ఆ జిల్లా పెద్దాసుపత్రి లేచి పరుగందుకునేది. లోపల ప్రాణం పోతే సంజాయిషీ చెప్పుకోవాలి, బయట పోతే అక్కర్లేదు. ఏళ్ల తరబడి వింటున్న ఈ మాట గోడలకు కూడా ఒంటబట్టింది. కాళ్లు ఎప్పుడు మొలిచాయని ఎవరూ అడగలేదు. ఏటా వాటికీ సున్నం కొట్టించేవారు.

ఆరోజు కాన్పుల వార్డులో డ్యూటీ డాక్టర్ ప్రసూనది. నేల కదలగానే అలవాటుగా మంచం పట్టుకుని కిటికీలోంచి చూసింది. వెనకాలే ఒక ఆటో తరుముకొస్తోంది. దార్లోనే కాన్పయిన గంగులమ్మ అందులో వాలిపోయి ఉంది. పక్కన పసిగుడ్డుతో అత్త.

"అమ్మగోరూ! ఆసుపత్రిని ఒక్కపాలి ఆగమనండమ్మా! రగతం ఆగట్లేదు, కోడలు సల్లబడిపోతంది!"

ప్రసూన తూలుకుంటూ సూపరింటెండెంట్ శేషగిరి గదిలోకి పరిగెత్తింది. ఆయన టీ ఒలక్కుండా కప్పు పట్టుకునే పనిలో ఉన్నాడు.

"ఆపండి సార్. సూది వేసి, గర్భసంచి మర్దన చేస్తే బతుకుతుంది."

"బతక్కపోతే? మన దగ్గర ఇంతవరకు ఒక్క తల్లీ చనిపోలేదమ్మా."

"చనిపోలేదు కాదు సార్, మనల్ని అందుకోలేదు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుగా చేసిన ప్రమాణం ఈ కాళ్లకు లేకపోవచ్చు, తనకుంది. సూదిమందు కోటు జేబులో కుక్కుకుని, కుచ్చిళ్లు దోపుకుని ర్యాంపు మీంచి దూకేసింది. మోకాలు చిట్లింది. ఒక చెప్పు ఆసుపత్రితోపాటే వెళ్లిపోయింది. ఆటోలోనే సూది వేసి, చేతులు పడిపోయేదాకా పొట్ట మర్దన చేసింది. చివరికి రక్తం ఆగింది. గంగులమ్మ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. ప్రసూనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రానికి ఆసుపత్రి రొప్పుతూ తన చోటికి తిరిగొచ్చింది. కదులుతున్న ఆసుపత్రి నుంచి అనుమతి లేకుండా దిగినందుకు ప్రసూనకు మెమో ఇచ్చారు. చెప్పు మాత్రం మర్యాదగా తిరిగిచ్చారు. ఆసుపత్రి కాళ్లకు పలుపుతాడు వేయించమని ఆమె అర్జీ పెట్టుకుంటే, పైనుంచి బూట్లు మంజూరయ్యాయి.

ఇప్పుడామెను గర్భిణుల ఓపీలో కూర్చోబెట్టారు. ఐరన్ మాత్రలు రాసి, రోజూ పొద్దున్నే పరుగు నేర్చుకోమని చెబుతోంది. విన్నవాళ్లెవరూ నవ్వడం లేదు.

"ఎంత జోరుగా పరిగెట్టాలమ్మా?" తొలిచూలు పిల్ల ఒకతె శ్రద్ధగా అడిగింది.

ప్రసూన మాత్రల చీటీ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"మాకన్నా జోరుగా తల్లీ."