ఆరు రోజుల ప్రాక్టీసు

శనివారం ఉదయానికి భూతద్దం అనే పెద్దమనిషి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కూతుర్ని పియానో క్లాసుకు తీసుకెళ్ళాలి. అది వాయిస్తున్నంతసేపూ బయట కుర్చీలో కూర్చుని పేపరు చదవాలి. సాయంత్రం నాలుగింటి రైలుకు భార్య దిగుతుంది కాబట్టి, ఆలోగా ఇల్లు సర్దినట్టు కనిపించాలి. అంతే.

భూతద్దం ఆయన అసలు పేరు కాదు, ఇన్సూరెన్సు ఆఫీసులో తోటివాళ్ళు పెట్టింది. కాలిపోయిన కొట్లు, గుద్దుకున్న కార్లు, మాయమైన నగలు వగైరా క్లెయిముల్లో నిజమెంతో అబద్ధమెంతో తేల్చడం ఆయన ఉద్యోగం. "నిజం చెప్పేవాడు సగం మరిచిపోతాడు. అబద్ధాలకోరుకే అన్నీ గుర్తుంటాయి" అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేవాడు. ఆఫీసులో ఆయన కన్నుగప్పి చీమ కూడా దాటిపోదు. ఇంట్లోంచి ఏనుగు వెళ్ళిపోయినా ఆయనకు తెలియదని భార్య అంటుంది.

"నాన్నా, బ్యాగులో నోటుబుక్కు పెట్టావా?" అంది తొమ్మిదేళ్ళ పాప, నాయనమ్మ చేత జడ వేయించుకుంటూ.

ఆయన పుస్తకం తీసి యథాలాపంగా తెరిచాడు. వారం పేరు, ఎంతసేపు వాయించింది, ఎలా వాయించింది, పెద్దల సంతకం అని నాలుగు గడులున్నాయి. నాలుగూ తెల్లగా ఉన్నాయి. పేజీ తిప్పాడు. అదీ తెల్లగానే ఉంది.

ఆయన చూపు ఫ్రిజ్ తలుపు మీదికి పోయింది. అక్కడ టీచరుగారి పన్నెండు నిబంధనల కాగితం అయస్కాంతం కింద వేలాడుతోంది. ఏడోది: ఇంటి దగ్గర ప్రాక్టీసు చేసినట్టు రోజూ పెద్దలు సంతకం చేయాలి. వారమంతా పుస్తకం ఖాళీగా ఉంటే క్లాసులో ఆ పిల్ల చోటు వరసలో ఉన్న తరువాతి వారికి పోతుంది. కాగితం అడుగున భార్యాభర్తలిద్దరూ చేసిన సంతకాలున్నాయి.

ఆ చోటు కోసం పద్దెనిమిది నెలలు ఎదురుచూశారు. పాపకు పియానో అంటే ప్రాణం. పోయిన శనివారం నర్సుల శిక్షణకని పొరుగూరు వెళ్తూ భార్య గుమ్మంలో నిలబడి, "పియానో సంగతి చెబుతున్నా, జాగ్రత్తగా వినండి" అని అయిదు నిమిషాలు మాట్లాడింది. అప్పుడాయన చేతిలో ఒక అగ్నిప్రమాదం ఫైలుంది. ప్రతి మాటకూ ఊ అన్నాడు. ఏ మాటకో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

"అమ్మా! వారమంతా పాప ప్రాక్టీసు చేసిందా?" అని తల్లి చెవి దగ్గర అరిచాడు.

"రోజూ నేనే వెళ్ళి తీసుకొస్తున్నాగా!" అందావిడ.

స్కూలు సంగతి చెబుతోందనుకున్నాడు. చెవుడున్న మనిషిని పియానో గురించి అడగడం తనదే తప్పనుకుని పెన్ను తీశాడు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆరు వరసలు. ఒకే సిరాతో రాస్తే ఇట్టే దొరికిపోతారని ఆయనకు తెలియనిది కాదు, అందుకే మూడు పెన్నులు మార్చాడు. ఆదివారం అరగంట, బాగుంది. సోమవారం అరగంట, నేను పక్కనే కూర్చుని విన్నాను. అక్కడితో ఆపాల్సింది. కానీ భయం చేతిని ఆపనివ్వలేదు. మంగళవారం ఎడమచేయి మెరుగుపడింది. బుధవారం మళ్ళీ పక్కనే కూర్చున్నాను. గురువారం రెండు చేతులతో అద్భుతంగా వాయించగా, కింద ఫ్లాటువారు విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"నాన్నా, అది కాదు, ఆ బుక్కు..."

"నువ్వు మాట్లాడకు తల్లీ. టీచరు అడిగినా మాట్లాడకు. అంతా నేను చూసుకుంటాను."

టీచరుగారి ఇంటి ముందుగది చిన్నది. ఒక బల్ల, గోడ గడియారం, నాలుగు కుర్చీలు. ఒక కుర్చీలో ఎవరో ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎక్కడో చూసిన ముఖమే. పాప ఆవిడను చూసి నవ్వింది. ఆవిడ మాత్రం పాప చేతిలోని పుస్తకం వంక ఆకలిగా చూసింది.

టీచరుగారు వచ్చారు. అరవై దాటిన సన్నటి మనిషి. ఆవిడ గొంతు ఎన్నడూ పెంచరు, ఆయనకు భయం అందుకే. అరిచేవాళ్ళయితే ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతారు.

పుస్తకం తెరిచి ఆవిడ నిదానంగా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"పాపా, ఇదంతా జరిగిందా?" అన్నారు.

"జరిగిందండీ" అన్నాడు భూతద్దం.

"పదకొండో నిబంధన. పిల్లల్ని అడిగితే పెద్దలు జవాబు చెప్పకూడదు."

"అవునండీ. చెప్పను. పాప కూడా అదే అంటుందండీ."

పాప నేల చూపులు చూసింది. మాట్లాడొద్దని తండ్రి చెప్పాడు మరి.

"సరే, మిమ్మల్నే అడుగుతాను. గురువారం ఏం వాయించింది?"

"అదేనండీ... మెల్లగా మొదలై, మధ్యలో గట్టిగా, చివర్లో మళ్ళీ మెల్లగా..."

"కింద ఫ్లాటువారు ఏడ్చారా?"

"వెక్కి వెక్కి ఏడ్చారండీ. పైకి వచ్చి మరీ మెచ్చుకున్నారు. మంచినీళ్ళిచ్చి పంపాను."

కుర్చీలో ఆవిడ సంచి కింద పెట్టింది. "ఏమండీ, కింద ఫ్లాటు మాదే కదండీ?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు.

"ఏడేళ్ళుగా మీ కిందే ఉంటున్నాం. వారం రోజులుగా మీ ఇంట్లోంచి ఒక్క చప్పుడు లేదు. పాప మానేసిందేమో, ఆ చోటు మా పెద్దమ్మాయికి దొరుకుతుందేమోనని ఆశపడి వచ్చాను. ఏడవడం కాదు కదా, హాయిగా నిద్రపోయాం."

ఎదుటివాడు ఇలా ఇరుక్కున్నప్పుడు ఏం చేస్తాడో భూతద్దానికి బాగా తెలుసు. ఇంకో అబద్ధం ఆడతాడు. ఆయనా అదే చేశాడు. "కిటికీలు మూసి, చాలా మెల్లగా వాయించిందండీ. కిందికి వినబడకుండా."

"వినబడకుండానే వెక్కి వెక్కి ఏడ్చానా?" అంది ఆవిడ.

టీచరుగారు పుస్తకం మూశారు. "మీ పియానో లోపల తీగల్ని కొట్టి మోగించే సుత్తుల చట్రం మొత్తం రిపేరు షాపులో ఉంది. మీ ఆవిడ ఊరెళ్ళే ముందురోజే మా మెకానిక్కు విప్పి తీసుకెళ్ళాడు. మీకు చెప్పే వెళ్ళిందట కదా?"

ఊ అన్నది ఈ మాటకా! ఆరు రోజులుగా ఆ పియానో మూత మీదే ఆయన ఆఫీసు బ్యాగు పెడుతున్నాడు. సుత్తుల్లేని పెట్టె ముందు కూతుర్ని కూర్చోబెట్టి అద్భుతం, అమోఘం అని సంతకం చేశాడు. ఇలాంటి క్లెయిము ఎవరైనా తెస్తే నవ్వి బయటికి పంపేవాడు.

"మేడమ్, తప్పంతా నాది" అన్నాడు. "అంతా నేనే అల్లాను. పాపకు ఏ పాపమూ తెలియదు. నన్నేమన్నా పడతాను. దాని చోటు మాత్రం తీసేయకండి. అది లేకపోతే పిల్ల తట్టుకోలేదు."

టీచరుగారు లోపలికెళ్ళి ఇంకో పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా గడులన్నీ నిండి ఉన్నాయి. అన్నిటికీ టీచరుగారి సంతకమే.

"పాప రోజూ ఇక్కడికొచ్చి అరగంట వాయించింది. మీ అమ్మగారు వచ్చి తీసుకెళ్ళేవారు. చోటు పాపదండీ, పాప ఒక్క నిబంధనా తప్పలేదు. మీరు నింపింది కొత్త టర్ము పుస్తకం. నిన్ననే ఇచ్చాను."

"చెబుదామంటే వద్దన్నావు నాన్నా" అంది పాప.

ఆయన ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులా దణ్ణం పెట్టి, ఆ పేజీ చింపేయబోయాడు.

"ఆగండి. నా దగ్గర పుస్తకాలు చింపడం ఉండదు. తేదీలు వేయలేదు, వారాల పేర్లే రాశారు. రేపు ఆదివారం. పియానో ఈ సాయంత్రం బాగై వస్తుంది. మీరు రాసింది రాసినట్టు జరిపించండి. పక్కనే కూర్చుని వినడంతో సహా."

"మరి గురువారం?" అన్నాడు బిక్కచచ్చి.

కింద ఫ్లాటావిడ సంచి చేతికి తీసుకుంది. "వచ్చి వింటానండీ. ఏడుపు సంగతి మాత్రం ఖాయంగా చెప్పలేను. తరువాతి ఖాళీ మా అమ్మాయికి ఇప్పిస్తే ప్రయత్నిస్తాను."

సోమవారం ఆయన మేనేజరు గదిలోకి వెళ్ళి, ఈ వారమంతా అయిదింటికే ఇంటికెళ్ళాలని అనుమతి అడిగాడు. కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు, ఒక్క మాట కలపలేదు. మేనేజరు అంతా విని, ఫారం ఆయన వైపు తోశాడు.

"పియానో అని రాస్తే పైవాళ్ళు నమ్మరయ్యా. నడుమునొప్పి అని రాయి."

భూతద్దం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చివరికి రాశాడు: నడుమునొప్పి, రోజూ సరిగ్గా అయిదింటికి మొదలవుతుంది.