తాతాజీ తిరిగిచ్చిన గేదె

ఎమ్మెల్యే గారి ఆఫీసులో ఇతరులు ఇచ్చిన వస్తువు ఒక్కటి కూడా మిగలకూడదని తాతాజీ ఆ పొద్దున్న పళ్ళు తోముకుంటూ గట్టిగా నిర్ణయించుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి శాసనసభ నైతిక విలువల కమిటీ నుంచి సాలమోను గారు వస్తున్నారు. ఊళ్ళో జనానికి అంత పొడుగు పేరు నోరు తిరగక దాన్ని నీతి కమిటీ అంటున్నారు.

తాతాజీ ఎమ్మెల్యే సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పి.ఏ. మామిడికుదురు మెయిన్ రోడ్డు మీద ఒక పెంకుటింట్లో ముందు రెండు గదులు ఆఫీసు, వెనక వైపు రావుగారి కాపురం. ఆయన మొదటిసారి గెలిచిన మనిషి. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడని పేరు. అలాంటి మనిషి ఆఫీసు మీద ఊరూ పేరూ లేని అర్జీ ఒకటి హైదరాబాదు వెళ్ళింది. పింఛను సిఫార్సు కోసం పి.ఏ. తాతాజీ బస్తాడు కొబ్బరికాయలు పుచ్చుకున్నాడని అందులో ఆరోపణ. ఆ కాయలు అంబాజీపేటలో అతని మావగారి తోటలోవి. కానీ కొబ్బరికాయ మీద మావగారి పేరు రాసి ఉండదు కదా!

తన ఉద్యోగం పోతే తాతాజీ ఎలాగో బతకగలడు. తన మూలంగా రావుగారికి మచ్చ వస్తుందన్న సంగతే అతనికి నిద్ర లేకుండా చేసింది. అందుకే రెండు రోజుల నుంచి ఆఫీసుని జల్లెడ పట్టాడు. సిమెంటు కంపెనీ క్యాలెండరు దించేశాడు. ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన గోడగడియారం, ఫర్నిచర్ షాపాయన వద్దన్నా వదిలి వెళ్ళిన స్టూలు ఎవరివి వాళ్ళకి అప్పజెప్పాడు. వెంకటేశ్వరస్వామి పటం కింద ఒక రైసుమిల్లు పేరు కనబడింది. స్వామిని పంపేయడానికి మనసొప్పక, మిల్లు పేరు మీద తెల్లకాగితం అంటించి ఊరుకున్నాడు.

ఇక మిగిలింది వాకిలి ఊడ్పించడమే అనుకుంటూ గేటు తీసి లోపల అడుగు పెట్టేసరికి, కొబ్బరిచెట్టుకి కట్టేసి ఒక గేదె, దాని పక్కన ఒక దూడ కనిపించాయి. గేదె తాపీగా నెమరేస్తూ, ‘ఇంత ఆలస్యంగానా రావడం’ అన్నట్టు అతని వైపు చూసింది.

తాతాజీ వెంటనే వెనక్కి తిరిగాడు. ఎదురుగా టీ కొట్టు సూర్యనారాయణని కేకేశాడు.

"ఇదేంటండీ సూర్యనారాయణ గారూ? ఎవరిదండీ ఈ గేదె?"

"ఎవడో పొడుగాటి ఆసామండి. తెల్లారగట్ల వచ్చి కట్టేసేడండి. ఎవరికయ్యా అంటే, అయ్యగారికండి అన్నాడండి. ఎవరు పంపేరని చెప్పమంటావయ్యా అంటే, చెప్పక్కర్లేదండి, ఆరికి తెలుసండి అనేసి ఎళ్ళిపోయేడండి."

‘చెప్పక్కర్లేదు, ఆరికి తెలుసు.’ మూడేళ్ళుగా పి.ఏ. ఉద్యోగం చేస్తున్న తాతాజీకి ఆ మాటల అర్థం కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. చూసీచూసీ నీతి కమిటీ వచ్చే రోజునే ఎవరో లంచాన్ని నాలుగు కాళ్ళ మీద నడిపించి తెచ్చి కట్టేశారు. ఎవరై ఉంటారు? ఏటిగట్టు పనుల కాంట్రాక్టరు కామరాజు వారం క్రితమే ఆఫీసుకొచ్చి, బిల్లు సంగతి కదిపి, వెళ్తూ వెళ్తూ "మీ రుణం ఉంచుకోనండి" అన్నాడు. ఇంకెవరు? ఆయనే!

రావుగారికి ఫోన్ చేద్దామంటే ఆయన పొద్దున్నే రాజమండ్రి స్టేషనుకి వెళ్ళారు, సాలమోను గారిని జీపులో స్వయంగా తీసుకురావడానికి. అమ్మగారు సీతారత్నం పుట్టింటికని నరసాపురం వెళ్ళి నాలుగు రోజులైంది. అక్కడికి ఫోన్ చేసి ఆవిడని కంగారు పెట్టడం ఎందుకని తాతాజీ తనే పలుపు విప్పాడు.

గేదె కదల్లేదు. లాగాడు. అదిలించాడు. తోక మెలిపెట్టాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. దూడ ముందు నడిస్తేనే తల్లి కదులుతుందని సూర్యనారాయణ సలహా ఇచ్చాడు. దూడేమో నడిచే ఉద్దేశంలో లేదు. ఇక లాభం లేదని తాతాజీ, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీదే దూడని భుజాన వేసుకుని బయల్దేరాడు. అప్పుడు గేదె బుద్ధిగా వెనకాల నడిచింది.

కామరాజు ఇంటికి మెయిన్ రోడ్డు మీద మైలు దూరం. రాజోలు బస్సు ఒకటి పక్కన ఆగితే కిటికీల్లోంచి జనం తలలు బయటికి పెట్టారు.

"ఏవండోయ్ పి.ఏ. గారూ! గేదెని కొన్నారాండీ?"

"లేదండీ! ఇచ్చేయడానికి తీసుకెళ్తన్నానండి!"

"ఎవరికండీ?"

"కామరాజు గారికండి!" అని తాతాజీ ధైర్యంగా, నలుగురికీ వినపడేలా చెప్పాడు. నిజాయితీ నలుగురికీ తెలియాలి కదా అనుకున్నాడు. దూడ ఆ సమయానికే అతని చొక్కాని పాడుచేసింది.

కామరాజు డాబా వరండాలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. దూడని మోసుకొస్తున్న పి.ఏ.ని చూసి చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు.

"రండి రండి! ఏంటండీ ఇది, మీరే సొయంగా..."

"ఇది మాకొద్దండి. మీరు ఉంచుకోండి" అన్నాడు తాతాజీ, దూడని దించి రొప్పుతూ.

"ఇది నాది కాదు కదండీ!"

"అందరూ అలాగే అంటారండి. మీ మనసుకి తెలుసు, నా మనసుకీ తెలుసు. మా అయ్యగారి సంగతి మీకు తెలియదేమో. ఇలాంటి గేదెని ఆయన కన్నెత్తయినా చూడరండి."

కామరాజు గేదె వైపు చూశాడు. కొమ్ములు వంకర. పాతికేళ్ళ నుంచి కాంట్రాక్టులు చేస్తున్న కామరాజు బుర్ర చకచకా పనిచేసింది. పి.ఏ. స్వయంగా వచ్చాడు. ఇలాంటి గేదె వద్దంటున్నాడు. అంటే ఎలాంటిది కావాలో చెప్పకనే చెబుతున్నాడు. ఎంత మర్యాదస్తుడు!

"ఆయ్, అర్థమైందండి. ఇంక మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదండి" అన్నాడు కామరాజు ఆనందంగా.

ఆ మాట విని తాతాజీ మనసు తేలికపడింది. పలుపు వరండా స్తంభానికి కట్టేసి వెనక్కి తిరిగాడు. ఆఫీసు వెనక నూతి దగ్గర నాలుగు చేదల నీళ్ళు పోసుకుని, ఇంటి నుంచి వేరే చొక్కా తెప్పించుకుని, తల దువ్వుకుంటుండగా వాకిట్లో ట్రాక్టరు ఆగింది. తొట్టిలోంచి వంకర కొమ్ముల గేదె, దూడ దిగాయి. వాటి వెనకాల నల్లగా నిగనిగలాడే ముర్రా గేదె ఒకటి మెళ్ళో బంతిపూల దండతో దిగింది. ఆ వెనక ఒక మోపు పచ్చగడ్డి.

డ్రైవరు చేతులు కట్టుకుని చెప్పాడు. "కామరాజు గారు చెప్పమన్నారండి. మొదటిది నచ్చలేదన్నారంట కదండీ, రెండోది చూడమన్నారండి. రెండూ ఉంచేసుకున్నా ఏం పర్లేదన్నారండి."

"తీసుకుపోవయ్యా! వెంటనే ఎక్కించు!"

"ఎక్కించడం అవదండి. దింపి రమ్మన్నారండి" అని డ్రైవరు ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

తాతాజీ రెండు చేతుల్లో రెండు పలుపులు పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఈలోగా బస్సు కిటికీల్లోంచి బయల్దేరిన వార్త ఊరు చుట్టి వచ్చింది. ఎమ్మెల్యే గారు గేదెలు పంచుతున్నారు, మొదటి గేదె కామరాజు గారికి ఇచ్చారు, పి.ఏ. గారే దూడని ఎత్తుకుని మరీ ఇచ్చి వచ్చారు! డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు పాతికమంది గేటు తోసుకుని లోపలికి వచ్చారు. ముందు వీరాయమ్మ. ఆవిడ ఏదైనా అడగడానికి వచ్చిందంటే ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళిన దాఖలా లేదు.

"ఏం బాబూ తాతాజీ! మేడున్న కామరాజు గారికేమో గేదా? లోను కోసం ఏడాది నుంచి తిరుగుతున్న మాకేమో రేపు రండా?"

"అది కాదు పిన్నిగారూ, ఆ గేదెని ఇవ్వలేదండి, తిరిగి ఇచ్చేనండి!"

"ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? ఒక మాట మీద ఉండు బాబూ."

"తిరిగి ఇవ్వడం అంటే ఇవ్వడం కాదండీ..."

ఇంతలో రోడ్డు మీద రావుగారి జీపు హారన్ వినబడింది. తాతాజీ గబగబా వంకర కొమ్ముల గేదె పలుపు వీరాయమ్మ చేతిలో పెట్టాడు. "పిన్నిగారూ, మీకు దండం పెడతానండి. ఒక్క గంట మీ పెరట్లో కట్టండి. వెనక దారిన వెళ్ళండి!"

వీరాయమ్మ దూడని చంకనెత్తుకుని వెనక దారిన వెళ్ళిపోయింది. అది చూసిన మిగతా ఆడవాళ్ళు ఊరుకుంటారా? "వీరాయమ్మకి ఇచ్చేరు! మాకో?" అని గోల ఎత్తుకున్నారు. ముర్రా గేదె ఆ గోలకి బెదిరి, ఆఫీసు గది గుమ్మంలోకి సగం దూరి అక్కడ ఇరుక్కుంది.

జీపు దిగిన సాలమోను గారు సన్నగా, నిటారుగా ఉన్నారు. పక్క జిల్లా ఎమ్మెల్యే ఆయన. అంతకుముందు హెడ్మాస్టరు. ఆయన చూపు పడగానే గోల దానంతటదే సగానికి తగ్గింది. రావుగారు ఆ వెనకే దిగి, తన ఆఫీసు గుమ్మంలో పూలదండ వేసుకున్న గేదెని చూసి తాతాజీ వైపు తిరిగారు.

సరిగ్గా అప్పుడే కామరాజు స్కూటరు మీద వచ్చాడు. సాలమోను గారి తెల్లబట్టలు చూసి రావుగారి తరఫు పెద్దమనిషే అనుకుని వంగి నమస్కారం పెట్టాడు.

"పి.ఏ. గారు ఎంతో ముచ్చటగా సెలవిచ్చేరండి. రెండోది అసలు సిసలు ముర్రా అండి. బిల్లు మాత్రం ఈ నెల్లోనే అయిపోయేట్టు చూడాలండి."

"మీ పేరేమిటండి?" అన్నారు సాలమోను గారు మెత్తగా.

"కామరాజండి" అని ఆయన ఇంటిపేరుతో సహా గర్వంగా చెప్పాడు.

సాలమోను గారు గుమ్మంలో గేదెని దాటడం కుదరక పక్క గది తలుపు గుండా లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. తాతాజీ ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారికి ఏమీ తెలీదండి. పొద్దున్న ఎవరో గేదెని కట్టేసి వెళ్ళేరండి. తిరిగి ఇచ్చేద్దామని నేనే దూడని భుజాన వేసుకుని కామరాజు గారింటికి తీసుకెళ్ళేనండి. ఇలా రెండై వచ్చింది. తప్పంతా నాదండి. నన్ను తీసేయమని రాసుకోండి. ఆయన పేరు మాత్రం రాయకండి, మీకు పుణ్యం ఉంటుంది."

"ఊరుకోవయ్యా తాతాజీ" అన్నారు రావుగారు. "నీ మీద రాస్తే నా మీద రాసినట్టే."

బల్ల మీద ఫోన్ మోగింది. దగ్గరగా ఉన్న సాలమోను గారే ఎత్తారు. ఆయన "హలో" అనకముందే సీతారత్నం గొంతు గదంతా వినపడింది. ట్రంకు కాల్సు రోజుల నుంచి ఫోన్లో అరవడం ఆవిడకి అలవాటు.

"ఏం తాతాజీ, గేదె చేరిందా?"



"ఎవరు పంపిన గేదండీ?" అన్నారు సాలమోను గారు.

"ఎవరేంటి, నేనే! మా అన్నయ్యకి డబ్బులిచ్చి కొన్నాను. నిన్న సాయంత్రమే మనిషినిచ్చి సఖినేటిపల్లి రేవు దాటించేను. ఊళ్ళో వాళ్ళు రోజూ చెంబులతో పాలు తెచ్చి పోస్తారు, డబ్బులిస్తే పుచ్చుకోరు. ఇయాళ ఆ నీతి కమిటీ ఆయన ఈ పాలెక్కడివంటే మీ అయ్యగారు ఏం చెబుతారు? నిన్న ఫోన్లో ఆయనకి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేను, గేదెని పంపిస్తన్నానని. నీకు చెప్పలేదా?"

సాలమోను గారు తల తిప్పి రావుగారి వైపు చూశారు. రావుగారు నెమ్మదిగా నుదురు కొట్టుకున్నారు.

"లైను సరిగా లేదండి" అన్నారు నీరసంగా. "నాకు గది అని వినబడింది. మీరొస్తున్నారు కదా, గది కడిగించమంటోందనుకున్నాను. కడిగించేను కూడా."

"ఆ కమిటీ ఆయనకి మటుకు చిక్కటి టీ పెట్టి ఇవ్వు తాతాజీ, నీళ్ళు కలపకు" అంది ఫోన్లో సీతారత్నం.

"ఆయ్, ఆ కమిటీ ఆయన్నేనండి" అన్నారు సాలమోను గారు. అవతల ఫోన్ టక్కున పెట్టేసిన చప్పుడు వినిపించింది.

తరవాత పనులన్నీ సాలమోను గారు దగ్గరుండి జరిపించారు. ముర్రా గేదెని గుమ్మంలోంచి లాగడానికి ఆరుగురు మగవాళ్ళు పట్టారు. కామరాజు దాన్ని తన స్కూటరు వెనక కట్టుకుని, జనం చూస్తుండగా తలవంచుకుని తీసుకెళ్ళాడు. బిల్లు సంగతి ఇంజనీర్లు కొలతలు వేశాకే తేలుతుందని, ఈ పూట సంగతి రిపోర్టులోకి వెళ్తుందని ఆయనకి అప్పటికే చెప్పారు. డ్వాక్రా ఆడవాళ్ళ లోను అర్జీలు రావుగారు అక్కడికక్కడే తీసుకుని, బ్యాంకుకి వాళ్ళతో తనే వస్తానని మాటిచ్చారు.

ఆఖరుకి అందరూ వీరాయమ్మ పెరట్లోకి వెళ్ళారు. గేదెకి అప్పటికే పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. దాని ముందు కుడితి తొట్టి.

"ఒక్క గంటన్నావు బాబూ, గంట ఇంకా అవలేదు" అంది వీరాయమ్మ, తొట్టి ముందునుంచి కదలకుండా. "అయ్యేక తోలుకెళ్ళు. మాట అంటే మాటే."

సాలమోను గారు అక్కడే నులకమంచం మీద కూర్చున్నారు. తాతాజీ మెడ వైపు చూశారు. చొక్కా మార్చినా మెడ మీద దూడ గిట్టలు గీరిన గుర్తులు ఎర్రగా కనబడుతున్నాయి.

"కొబ్బరికాయల విషయం మిమ్మల్ని ఏమీ అడగనండి" అన్నారు. "పాలిచ్చే గేదె వాకిట్లోకి వస్తే, దూడని మోసుకుంటూ మైలు నడిచి ఇచ్చేసి వచ్చిన మనిషి కొబ్బరికాయలకి ఆశపడ్డాడంటే, నేను రాసినా హైదరాబాదులో ఎవరూ నమ్మరు."

తాతాజీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దూడ తల నిమురుతూ ఉండిపోయాడు. దూడ అతని రెండో చొక్కా అంచుని నమలడం మొదలుపెట్టింది.

రెండు నెలల తర్వాత కమిటీ నియమావళిలో ఒక కొత్త నిబంధన చేరింది: శాసనసభ్యుల సిబ్బంది ఏ కానుకనైనా తిరిగి ఇచ్చివేసే ముందు, అది శాసనసభ్యుని సొంత ఆస్తి కాదని ఆయన భార్యను అడిగి నిర్ధారించుకోవలెను.